నాంచారు అడిగే మూడు మాటలు

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. నిద్రొచ్చేవాళ్ళు గోడకు చేరబడండి. కథ మాత్రం మధ్యలో ఆగదు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి పేరు ఆసులపాలెం. ఎప్పటి మాట అంటారా? మా అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆవిడకు ఎవరు చెప్పారో ఆవిడకే గుర్తులేదు. ఊరంతా కలిపి ఒకటే వీధి. వీధికి రెండు పక్కలా నేతగాళ్ళ ఇళ్ళు. ఇంటికొక గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని నేసేది. మగ్గానికొక పిల్లి.

మగ్గానికి పిల్లి ఎందుకంటారా? చెబుతాను. మగ్గం మీద నిలువునా సాగదీసి కట్టే దారాలను పడుగు అంటారు. నేసేటప్పుడు పడుగు తెగకూడదని దానికి అన్నం గంజి పట్టిస్తారు. గంజి వాసన తగిలితే ఎలుక ఊరుకుంటుందా? ఒక్కసారి ఎలుక పళ్ళు పడితే చాలు, నెల్లాళ్ళ కష్టం పీచుపీచు అవుతుంది. అందుకే ఆ వీధిలో పిల్లనిచ్చేవాళ్ళు ముందు మగ్గం ఉందా అని అడిగేవాళ్ళు. ఉందంటే, పిల్లి ఉందా అని అడిగేవాళ్ళు. మగ్గం లేని ఇంట్లో మాత్రం పిల్లి ఉండకూడదు. పిల్లి మగ్గం సొత్తు. అది ఆ వీధి కట్టుబాటు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. కడుపు నిండిన పిల్లి ఎలుకను పట్టదని అక్కడ అందరి నమ్మకం. పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టడంటాం గదా, ఆ వీధిలో అందరూ ఆ బాపతే. గంజి కుండ కడిగిన నీళ్ళు ఇన్ని పోసి, పో, పోయి ఎలుకను పట్టుకో అనేవాళ్ళు. మనిషికేమో కడుపు నిండితేనే చెయ్యి ఆడుతుందట. పిల్లికి కడుపు మాడితేనే కాలు ఆడుతుందట. ఎవరి న్యాయం వాళ్ళది.

ఆ వీధి చివర ఒక తాటాకు గుడిసె. ఆ గుడిసెలో నాంచారు ఉండేది. సన్నటి మనిషి, చామనఛాయ, మాట తక్కువ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మొగుడితోపాటే మగ్గమూ పోయింది, మరుదులు విప్పుకుపోయారు. రాట్నం ఒకటి మిగిలింది. ఇంటింటికీ వెళ్ళి నూలు తెచ్చుకుని, రాట్నం ముందు కూర్చుని, మగ్గంలోకి కావలసిన కండెలు చుట్టి ఇచ్చేది. వాళ్ళు పెట్టిందేదో తినేది. వీధి అరుగుల మీద పొద్దస్తమానం కూర్చునే పని. చేతులు దారం మీద, చూపు పిల్లుల మీద.

చూపు పిల్లుల మీదే ఎందుకుండేదో ఎవరికీ చెప్పలేదు. నేను చెబుతాను.

మొగుడున్న రోజుల్లో వాళ్ళింట్లోనూ ఒక పిల్లి ఉండేది. బూడిద రంగుది, పేరు కూడా బూడిదే. ఒకనాడు బూడిద తిండి మానేసింది. ఆకలైతే అదే తింటుందిలే అనుకుంది నాంచారు. మర్నాడూ తినలేదు. మూడోనాడు పిల్లి తోక కింద ఒక దారప్పోగు వేలాడుతూ కనిపించింది.

నేతగాళ్ళ ఇళ్ళలో పిల్లలకు ఊహ తెలియకముందే చేతికి ఒక అలవాటు వస్తుంది. వేలాడే పోగు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, పట్టి లాగేస్తుంది. వేలాడే పోగు ఇంటికి అరిష్టమని పెద్దలు చెప్పిన మాట. నాంచారు చెయ్యి కూడా ఊరుకోలేదు. పట్టుకుని లాగింది. బూడిద ఒక్క అరుపు అరిచింది. అంత పిల్లిలో అంత అరుపు ఉంటుందని నాంచారుకు అప్పటిదాకా తెలియదు. పొద్దు గుంకేసరికి పిల్లి చచ్చిపోయింది.

దిష్టి తగిలిందన్నారు. కాలం తీరిందన్నారు. పోనీలే, పిల్లే గదా అన్నారు. నాంచారు మాత్రం తన చేతిని చూసుకుంటూ కూర్చుంది. లాగకముందు బతికి ఉంది, లాగాక చచ్చిపోయింది. ఎందుకో తెలియదు. తెలియకపోవడమే ఆమెను తినేసింది. ఇక ఈ వీధిలో ఏ పిల్లీ ఎవరూ చూడకుండా చావకూడదని ఆ రోజే అనుకుంది. తన బతుకులో ఆమె కోరుకున్నది అదొక్కటే.

కొన్నాళ్ళు గడిచాయి. ఎదురింటి అచ్చమ్మ దగ్గర ఒక పిల్లికూన ఉండేది. నుదుటి మీద తెల్లమచ్చ, పేరు చుక్క. చుక్క పొట్ట గుండ్రంగా కుండలా ఉండేది.

"చూశావా నాంచారూ, మా చుక్క ఎంత బలిసిందో! నా చెయ్యి అట్టాంటిది" అని అచ్చమ్మ మురిసిపోయింది.

నాంచారు ఆ కూనను ఒళ్ళోకి తీసుకుంది. పొట్ట కుండలా ఉంది గానీ వీపు మీద ఎముకలు వేలికి తగులుతున్నాయి. బొచ్చు గరుగ్గా, ముద్దలు ముద్దలుగా ఉంది. పిల్లి అన్నాక ఒళ్ళు నాక్కుంటుంది, ఇది నాక్కోవడం మానేసినట్టుంది. తోక ఎత్తి చూసింది. బియ్యపు నూకల్లాంటివి అంటుకుని ఉన్నాయి. అందులో ఒకటి కదిలింది.

"ఇది బలుపు కాదక్కా, వాపు" అంది నాంచారు. "కడుపులో పురుగులున్నాయి. మందు పడకపోతే దక్కదు."

"పిల్లికి మందేందే! నవ్విపోతారు."

"నవ్వితే నవ్వనీ. ఓ తట్ట ఇవ్వు."

ఆసులపాలేనికి మూడు కోసుల దూరంలో సంత జరిగే ఊరు. అక్కడ వెంగన్న అని గొడ్లకు వైద్యం చేసే ముసలాయన ఉండేవాడు. కొమ్ము విరిగినా, గిట్ట చీలినా, ఆవు పాలివ్వకపోయినా జనం ఆయన దగ్గరికే పోయేవాళ్ళు. నాంచారు తట్టలో చుక్కను పెట్టుకుని, పైన గుడ్డ కప్పి, నడిచి నడిచి ఆయన వాకిట్లోకి వెళ్ళింది. అక్కడున్న రైతులు గుడ్డ కింద కోడిపుంజు ఉందనుకున్నారు. పిల్లి తల బయటపెట్టేసరికి ఒకటే నవ్వు. వెంగన్న కూడా నవ్వాడు. అలా నవ్వుతూనే కూన పొట్ట నొక్కి చూశాడు, చిగుళ్ళు ఎత్తి చూశాడు. నవ్వు ఆపేశాడు.

"చిగుళ్ళు సున్నంలా తెల్లగా పాలిపోయినై. రక్తమంతా పురుగులే తాగేసినై" అన్నాడు. "బాగా చూశావు తల్లీ. ఇంకొన్నాళ్ళు ఆగితే నేనూ చెయ్యగలిగింది లేదు. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఎద్దుకు నొప్పొస్తే రంకె వేస్తది. కుక్కకు నొప్పొస్తే ఏడుస్తది. పిల్లి మాత్రం చెప్పదు. జబ్బును కడుపులో పెట్టుకుని మూల చేరి గోడవైపు తిరిగి కూర్చుంటది. అది చెప్పేదాకా ఆగావంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నువ్వే అడగాలి."

ఆయన మందిచ్చాడు. చుక్క బతికింది. అచ్చమ్మ ఆ సంగతి వీధంతా చెప్పింది, కాకపోతే మందు తానే తెప్పించానని చెప్పింది. నాంచారు తన కండెలు తాను చుట్టుకుంది.

ఆ తర్వాత తిరువీధులు అనే నేతగాడి ఇంటి మగపిల్లి వంతు వచ్చింది. అది పొద్దున్నుంచీ ఒంటికి పోసుకునే బూడిదకుప్ప దగ్గరికి పోవడం, కూర్చోవడం, ముక్కడం, లేవడం. మళ్ళీ పోవడం, కూర్చోవడం, ముక్కడం, లేవడం. బూడిద మీద తడి మాత్రం లేదు.

"కడుపు గట్టిపడింది, అంతే. తెల్లారితే అదే పోతది" అన్నాడు తిరువీధులు.

నాంచారుకు మనసొప్పలేదు. అయినా ఇంటివాడు అంత గట్టిగా అంటుంటే, కండెలు చుట్టుకునేదాన్ని నేనేం చెప్పను అనుకుని గుడిసెకు వెళ్ళిపోయింది. తెల్లారింది. పిల్లికి తెల్లారలేదు.

ఈసారి నాంచారు తట్ట లేకుండానే వెంగన్న దగ్గరికి పోయింది. జరిగింది చెప్పింది. వెంగన్న తల అడ్డంగా ఊపాడు.

"అది కడుపు కాదు తల్లీ, మూత్రం బిగుసుకుంది. మగపిల్లికి నీళ్ళు తక్కువైతే లోపల ఇసుక చేరి దారి మూసుకుపోతది. దానికి రేపు అనే మాట లేదు. చూసిన గడియలోనే పరుగెత్తుకు రావాలి. వచ్చినా దక్కుతదో లేదో."

"నేను చూశానయ్యా. చూసి కూడా ఊరుకున్నాను" అని నాంచారు ఆ వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె అలా పైకి ఏడవలేదంటారు. ఏడ్చి ఏడ్చి, చివరికి బూడిద సంగతి కూడా చెప్పేసింది, పోగు సంగతి, తన చేతి సంగతి. వెంగన్న అంతా విన్నాడు. పిల్లి నాలుక మీద లోపలికి తిరిగిన ముళ్ళుంటాయని, నోట్లోకి పోయిన దారాన్ని అది ఉమ్మలేదని చెప్పాడు. ఆ దారం ఒక కొస నాలుక కింద చిక్కుకుంటుందనీ, రెండో కొస పేగుల్లోంచి పోతుందనీ, బయటి కొస పట్టి లాగితే పేగు కోసుకుపోతుందనీ చెప్పాడు. నాంచారు మళ్ళీ తన చేతిని చూసుకుంది. ఇన్నేళ్ళకు సంగతి తెలిసింది. తెలిసినందుకు బాధ తగ్గలేదు.

మూడు పిల్లులు మూడు మాటలు నేర్పాయి. ఆ సాయంత్రం నుంచి దీపాలు పెట్టే వేళకు నాంచారు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. ప్రతి గడప దగ్గరా ఆగేది. లోపలికి వంగి అడిగేది.

"తిందా? నాక్కుందా? తడిపిందా?"

తింది, నాక్కుంది, తడిపింది అని జవాబొస్తే పక్క గడపకు పోయేది. ఏ ఒక్కదానికైనా లేదని వస్తే లోపలికి వచ్చి పిల్లిని ఒళ్ళో పెట్టుకుని చూసేది. చెవుల్లో నల్లటి మడ్డి ఉందా, కంటి మూలనుంచి తెర పైకొచ్చిందా, మెడ మీద తోలు పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోందా. గడ్డి తిని ఒకసారి కక్కితే భయం లేదనేది. కక్కిందే కక్కుతుంటే ఒప్పుకునేది కాదు.

జనం నవ్వారు. నవ్వకేం చేస్తారు! మనుషులకు దిక్కులేదు గానీ పిల్లులకు పరామర్శ అన్నారు. పిల్లుల నాంచారు అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేది. పేరు గురించి తగువు పడే తీరిక ఆమెకు లేదు.

అలా ఉండగా అమ్మవారికి చీర నేసే ఏడు వచ్చింది. ఊరి అమ్మవారికి కొన్నేళ్ళకొకసారి వీధంతా కలిసి ఒకే పడుగు వేసి చీర నేస్తారు. ఇంటికింత నూలు. అతుకు పడకూడదు, ముడి పడకూడదు. పడితే ఆ నేత హక్కు పక్క ఊరికి పోతుంది. ఆ పడుగును వీధి పెద్ద భావన్న మగ్గానికి ఎక్కించారు. ఆయన మాటకు వీధిలో ఎదురులేదు. ఆయన పిల్లికి ఎలుకల్లో ఎదురులేదు. నల్లటి మగపిల్లి, పేరు గండు.

అమ్మవారి పడుగు గదా, కాపలా గట్టిగా ఉండాలని భావన్న ఏం చేశాడో తెలుసా? గండుకు పోసే గంజినీళ్ళు కూడా సగం తగ్గించాడు. ఇంకాస్త మాడితే ఇంకాస్త చురుగ్గా ఉంటుందని!

అలా తగ్గించిన మూడో సాయంత్రం నాంచారు ఆ గడప దగ్గర ఆగింది. భావన్న భార్య తాయారమ్మ దీపం పెడుతోంది.

"తిందా అత్తా?"

"లేదే. ముట్టలేదు."

"నాక్కుందా?"

"ఏమో, చూళ్ళేదు. ఆ మూల కూర్చుంది, లేవట్లేదు. గురగురమంటంది గదా, సుఖంగానే ఉన్నట్టుంది."

"నొప్పికి కూడా గురగురమంటది అత్తా" అంటూ నాంచారు లోపలికి వచ్చింది.

గండు గోడవైపు తిరిగి ముడుచుకుని కూర్చుంది. మూతి నుంచి చొంగ కారుతోంది. ముందుకాలితో నోరు గీరుకుంటోంది. పక్కనే రెండు మూడు చోట్ల కక్కింది. భావన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. పిల్లిని ఎత్తి దీపం దగ్గరకు తెచ్చాడు. తోక కింద జానెడు దారం వేలాడుతోంది.

"ఇదా సంగతి! పోగు అడ్డం పడింది" అన్నాడు భావన్న. ఆయన చెయ్యి దారం మీదకు పోయింది.

బూడిద అరుపు నాంచారు చెవుల్లో పడినట్టయింది. ఏం చేస్తున్నదో తెలియకుండానే రెండు చేతులతో భావన్న మణికట్టు పట్టేసుకుంది.

"లాగొద్దు మావా!"

మగ్గం లేని ముండమోపి వీధి పెద్ద చెయ్యి పట్టుకోవడం ఆ ఊళ్ళో ఎన్నడూ లేదు. తాయారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భావన్న ముఖం కందగడ్డ అయింది.

"చెయ్యి వదులు."

"వదలను. లాగితే చస్తది. ఒకప్పుడు నేను లాగాను మావా. ఈ చేత్తోనే లాగాను. నా బూడిద ఈ చేతుల్లోనే పోయింది."

"పుట్టినకాడి నుంచీ పోగుల్లో బతికేవాణ్ణి. పోగు సంగతి నువ్వు నాకు చెబుతావా?"

"మగ్గం మీది పోగు సంగతి మీకు తెలుసు మావా. పిల్లి కడుపులో పోగు సంగతి మీకూ తెలవదు, నాకూ తెలవదు. తెలిసినాయన ఉన్నాడు. నన్ను పోనివ్వండి."

భావన్న దారం మీంచి చెయ్యి తీశాడు. తర్వాత పిల్లిని ఆమె చేతుల్లో పెట్టాడు.

"తీసుకుపో. గండు తిరిగొస్తే సరే. అది చచ్చిందో, ఈ వీధిలో ఏ ఇంట్లోనూ నీకు కండె చుట్టే పని ఉండదు. వీధిలో కాలు కూడా పెట్టొద్దు."

కండె లేకపోతే కూడు లేదు. వీధి లేకపోతే ఆమెకు ఇంకేమీ లేదు. నాంచారు పిల్లిని తట్టలో పెట్టుకుని గుడ్డ కప్పి బయల్దేరింది. మూడు కోసులూ అది గుడ్డ కింద గురగురమంటూనే ఉంది. ఆ చప్పుడు వినబడినంతసేపూ బతికుందని నడిచింది.

వెంగన్న పిల్లి నోరు తెరిపించాడు. నాలుక పైకెత్తాడు. నాలుక మొదట్లో దారం ఉచ్చులా బిగిసి, కోసుకుపోయి ఉంది. చిన్న కత్తెర కొనతో ఆ ఉచ్చును కత్తిరించాడు. తోక కిందిది మాత్రం ముట్టుకోలేదు.

"ఇక్కడ పట్టు వదిలింది. ఇక లోపలిది అదంతట అది రావాలి" అన్నాడు. "వస్తదని మాట ఇవ్వలేను తల్లీ. పదింట ఎన్ని బతుకుతయ్యో నాకే తెలవదు. గుడ్డ తడిపి తడిపి నీళ్ళు పట్టు. నీ చేతుల్ని మాత్రం అదుపులో పెట్టుకో."

నాంచారు ఆ అరుగు మీదే ఉండిపోయింది. మొదటిరోజు రాలేదు. రెండోరోజు రాలేదు. దారం కొస కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. ఆమె తన చేతులు తన చంకల్లో పెట్టుకుని కూర్చుంది. మూడోరోజు మధ్యాహ్నం గండు లేచి, బూడిదలో కూర్చుని లేచింది. నాంచారు వెళ్ళి చూసింది. మూరెడు పోగు బయటపడి ఉంది. గండు నాలుగు అడుగులు వేసి, ఎండలో కూర్చుని, ముందుకాలు నాక్కోవడం మొదలుపెట్టింది. అది నాక్కుంటుంటే నాంచారు ముఖాన్ని కొంగుతో కప్పుకుంది.

మరి ఆ మూడు రోజులూ అమ్మవారి పడుగును ఎవరు కాశారు? భావన్నే కాశాడు. చేతిలో కర్ర, ముందు దీపం. వీధి పెద్ద పిల్లి ఉద్యోగం చేశాడు! మగ్గం కింద పాకాడు, చూరు కింద చెవులు రిక్కించి కూర్చున్నాడు. మొదటి ఝాముకే కడుపు కాలింది. తాయారమ్మా, ఇంత ముద్ద పెట్టవే అన్నాడు. రెండో ఝాముకు మళ్ళీ అన్నాడు. మూడో ఝాముకు తాయారమ్మకు విసుగొచ్చింది.

"కడుపు నిండితే ఎలుకను పట్టరేమో చూసుకోండి" అంది.

భావన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

నాంచారు తట్టతో వీధిలోకి వచ్చేసరికి ఆయన ఎదురొచ్చాడు. పిల్లిని అందుకున్నాడు.

"దారం ఎందుకు మింగింది నాంచారూ?" అని అడిగాడు.

"గంజి వాసనకు మావా. ఆకలికి నేల మీద పడ్డ తెగిన పోగును నాకింది. నాలుక దాన్ని వదల్లేదు."

భావన్న ఆ పూటే వీధివాళ్ళను పిలిచాడు. "పిల్లికి పెట్టాకే మనం తిందాం. కుండ కడిగిన నీళ్ళు కాదు, చేపో, మాంసమో, దాని నోటికి పట్టేది పెట్టాలి. మంచినీళ్ళు వేరే చిప్పలో, మూడు పూటలా మార్చి పొయ్యాలి. తెగిన పోగు నేల మీద ఉండటానికి వీల్లేదు. అరిష్టమన్నా, అదృష్టమన్నా నాకు అనవసరం, పిల్లికి వేలాడే పోగును ఎవడైనా లాగితే నాతో మాట్లాడక్కర్లేదు" అన్నాడు. నాంచారు వైపు తిరిగి, "ఇకనుంచి నువ్వు కూడా ఒక పిల్లిని పెంచుకో. కట్టుబాటు నేను సడలిస్తాను" అన్నాడు.

"నాకెందుకు మావా, వీధిలో ఉన్నవన్నీ నావే గదా" అంది నాంచారు. ఆ మాటకు అందరూ సంతోషించారు. ఇంకోసారి ఎవరూ అడగలేదు.

అమ్మవారి చీర అతుకు లేకుండా దిగింది. ఏళ్ళు గడిచాయి. నాంచారు జుట్టు నెరిసింది, నడుం వంగింది. నడక మాత్రం మానలేదు. దీపాల వేళకు ప్రతి గడప దగ్గరా ఆగేది. తిందా, నాక్కుందా, తడిపిందా? ఇప్పుడు ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. జవాబు సిద్ధంగా పెట్టుకునేవాళ్ళు. తింది నాంచారూ. నాక్కుంది నాంచారూ. తడిపింది నాంచారూ. ఆమె సరేనని పక్క గడపకు పోయేది. వాళ్ళు తలుపు దగ్గరికి వేసి అన్నాలకు కూర్చునేవాళ్ళు.

ఒక చలికాలం ఆమెకు లోపల ఏదో మొదలైంది. ముద్ద దిగలేదు. తల దువ్వుకోవడం తగ్గింది. చీర నలిగి ఉండేది. గడప దగ్గర నిలబడినప్పుడు ద్వారబంధం పట్టుకునేది. అచ్చమ్మ చూసింది. తిరువీధులు చూశాడు. తాయారమ్మా చూసింది. వయసు మీద పడింది గదా అనుకున్నారు. నాంచారు తన సంగతి ఎవరికీ చెప్పలేదు. మాట తక్కువ మనిషి. పైగా, వీధికి ఎంత పని, మధ్యలో నా గొడవెందుకు అనుకునే మనిషి.

ఒకనాడు దీపాలు పెట్టారు. నాంచారు రాలేదు. ఎక్కడో పని చూసుకుంటూ ఉంటుంది అనుకున్నారు. మర్నాడూ రాలేదు. వస్తుందిలే అనుకున్నారు. మూడోనాడు దీపాలవేళ తాయారమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. గండు ఎప్పుడో పోయింది, దాని మనవడు కాళ్ళ దగ్గర తిరుగుతున్నాడు. తింది, నాక్కుంది, తడిపింది అని జవాబు నోటిదాకా వచ్చి ఉంది. అడిగేవాళ్ళు లేరు. తాయారమ్మ దీపం పట్టుకుని వీధి చివరికి పరుగెత్తింది. ఆమె పరుగు చూసి వీధంతా వెనకే వచ్చింది.

నాంచారు గుడిసెలో మూల పడుకుని ఉంది. గోడవైపు తిరిగి ఉంది.

తాయారమ్మ ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. పెదాలు ఎండి పిడచకట్టాయి.

"ఎప్పుడు తిన్నావే?" అని అడిగింది.

నాంచారు కళ్ళు తెరిచింది. ఆలోచించింది. "గుర్తులేదత్తా" అంది.

"నీళ్ళన్నా తాగావా?"

"కుండలో అయిపోయినై."

"మాతో ఒక్క మాట చెప్పవేం తల్లీ? అంతమందిమి ఉన్నాం గదా!"

నాంచారు ఆమె ముఖం వైపు చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"రోజూ వచ్చినప్పుడు చెబుదామనే అనుకున్నానత్తా" అంది. "మీరంతా పిల్లి సంగతి చెప్పి తలుపేసుకునేవాళ్ళు."

భావన్న ముసలివాడైపోయాడు, కర్ర లేనిదే నడవలేడు. అయినా తానే బండి కట్టించి వైద్యుణ్ణి పిలిపించాడు. వచ్చినాయన చెయ్యి పట్టి చూశాడు. చాలా ముందే చూడాల్సింది అన్నాడు. ఆ మాట ఆ వీధివాళ్ళు పిల్లుల గురించి అంతకుముందు ఎన్నోసార్లు విన్నారు. ఎప్పుడూ అంత బరువుగా వినలేదు.

వీధంతా ఆ గుడిసె చుట్టూనే కూర్చుంది. ఆడవాళ్ళు వంతులవారీగా నీళ్ళతో గొంతు తడిపారు, ఒళ్ళు తుడిచారు, తల దువ్వారు. తెల్లవారుజామున నాంచారు తాయారమ్మ చేతిలో చెయ్యి పెట్టి, "పిల్లులకు పెట్టారా?" అని అడిగింది. పెట్టామన్నారు. అదే ఆమె ఆఖరి మాట.

నాంచారుకు మగ్గం లేదు, కొడుకుల్లేరు, తలకొరివికి మరుదులు రాలేదు. భావన్నే కొరివి పెట్టాడు. ఆమె మీద కప్పడానికి ఇంటికింత నూలు వేసి వీధంతా కలిసి గుడ్డ నేశారు. అమ్మవారికి తప్ప అలా ఎవరికీ నేసింది లేదు. ఆ గుడ్డ నేసిన మగ్గం తప్ప ఆ రోజు వీధిలో ఇంకొక్క మగ్గం కూడా ఆడలేదు. అచ్చమ్మ నడివీధిలో నిలబడి, చుక్కకు మందు తెప్పించింది తాను కాదనీ, నాంచారేననీ గట్టిగా చెప్పి ఏడ్చింది.

ఇప్పటికీ ఆసులపాలెంలో సంధ్యవేళ తెగిన పోగులు ఏరి కుండలో వేశాకే మగ్గం మీద గుడ్డ కప్పుతారు. పిల్లి చిప్ప నిండాకే మనుషులకు కంచాలు పెడతారు. ఎవరైనా ముఖం ముడుచుకుని మాట్లాడకుండా కూర్చుంటే, గోడవైపు తిరిగావేం, ఏమైంది అని అడుగుతారు. తెలియని ఊరివాళ్ళకు ఆ మాట అర్థం కాదు.

దీపాలు పెట్టాక ఇంటికొకరు చొప్పున వంతు పడి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. గడప గడపకూ ఆగి ముందు పిల్లి సంగతి అడుగుతారు. తర్వాత ఆ ఇంట్లో ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి, తిన్నావా అని అడుగుతారు. ఒంటరిగా ఉండేవాళ్ళ గడప దగ్గర మాత్రం, వానైనా చలైనా, లోపలి నుంచి జవాబు వచ్చేదాకా కదలరు.